1904లో గడువు తీరిన పెట్టె

సంతాన వైద్యశాలలో కంప్యూటర్లు చూసుకునే ఆమెను అందరూ చిట్టి అనే పిలుస్తారు. ఆ ఉదయం ఆమె బ్యాగు ఇంకా భుజం మీంచి దించనైనా లేదు, గాజు తలుపు అవతల యంత్రం చెయ్యి కదులుతూ కనిపించింది. ఆ వేళకి అది కదలాల్సిన పనే లేదు.

ఆ గదిలో, లిక్విడ్ నైట్రోజన్ చలిలో, దంపతుల పిండాలు చిన్న చిన్న పెట్టెల్లో భద్రంగా ఉంటాయి. గడువు తీరిన పెట్టెను పైకి తీసి పక్కనున్న ట్రేలో పడేయడం ఆ చేతి పని. బయటి గాలి తగిలితే కాసేపట్లోనే అంతా అయిపోతుంది. చిట్టి వదినవి కూడా అందులోనే ఉన్నాయి. క్యాన్సర్ మందులు మొదలుపెట్టే ముందు దాచుకున్నవి. అవి పోతే ఆమెకు ఇంకో అవకాశం లేదు.

ట్రేలో అప్పటికే ఒక పెట్టె పడి ఉంది. చెయ్యి రెండోదాని కోసం ట్యాంకులోకి దిగుతోంది.

చిట్టి తెర ముందుకి పరిగెత్తింది. "గడువు తీరింది: 1904" అని వరసగా కనిపించింది. నిన్ననే పెద్ద డాక్టరుగారు పాత పెట్టెలన్నిటికీ గడువు 2040 దాకా పొడిగించమన్నారు. యంత్రాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం పాతది. దానికి తేదీ అంటే 1970 నుంచి లెక్కపెట్టుకొచ్చిన సెకన్లే. ఆ అంకె పట్టే చోటు 2038 జనవరిలో నిండిపోతుంది. ఆపైన ఏ తేదీ ఇచ్చినా అంకె గిర్రున తిరిగి వెళ్ళి, గత శతాబ్దం మొదట్లో పడుతుంది.

ఆపమని నొక్కింది. వరస పూర్తయ్యాకే ఆగుతానంది యంత్రం. గడియారాన్నే 1902కి తిప్పేస్తే ఇవేవీ గడువు తీరినట్టు కనిపించవు కదా అనుకుంది. 1980కన్నా వెనక్కి పోనివ్వనంది సిస్టమ్.

"అక్కా, మెయిన్ తీసెయ్!" అని అరిచింది.

ల్యాబులో పనిచేసే అక్క స్విచ్చుల దగ్గరే ఉంది కానీ చెయ్యి రాలేదు. "తీసేస్తే లోపల చలి ఏమైపోతుందే?"

"ట్యాంకుకి కరెంటుతో పనిలేదు, నైట్రోజనే చాలు. నా మాట విను, తియ్యి!"

గది చీకటైంది. చెయ్యి సగంలో ఆగిపోయింది. రెండో పెట్టె ట్యాంకు మూతి దగ్గర, పొగలోనే వేలాడుతోంది. ల్యాబు అక్క మందపాటి గ్లవ్స్ తొడుక్కుని దాన్ని విడదీసి తిరిగి ట్యాంకులోకి దించింది. చిట్టి టార్చి పట్టుకుంది.

"ఇది బతికినట్టే. పొగలోంచి బయటికి రాలేదు" అంది అక్క.

చిట్టి టార్చి ట్రే మీదికి తిప్పింది. వదిన పెట్టె నంబరు ఆమెకు కంఠతా వచ్చు. ట్రేలో ఉన్నది అది కాదు. హమ్మయ్య అని ఊపిరి వదిలింది. మరుక్షణమే తన మీద తనకే అసహ్యమేసింది.

వదినకు ఫోన్ చేసి అంతా చెప్పింది.

"నావి బాగానే ఉన్నాయన్నావుగా. మరి పోయినవి ఎవరివి చిట్టీ?"

"ఎవరో భార్యాభర్తలు, వదినా. డాక్టరుగారు వాళ్ళని రమ్మన్నారు. సాంకేతిక కారణం అని చెబుదామంటున్నారు."

"అలా చెబితే వాళ్ళకేం అర్థమవుతుంది? నువ్వెళ్ళు. నాకెలా చెప్పావో అలా చెప్పు."

మధ్యాహ్నం ఆ దంపతులు వచ్చారు. డాక్టరుగారు గొంతు సవరించుకునేలోపే చిట్టి నోరు విప్పింది. గడువు పెంచింది తమ చేతులతోనే అని, యంత్రానికి అంత దూరపు తేదీ పట్టక 1904లోనే గడువు తీరిందనుకుందని, ముందే చూసుకోవాల్సింది తామేనని ఏదీ దాచకుండా చెప్పింది. భర్త లేచి కిటికీ దగ్గరికెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

"1904లోనా?" అంది భార్య మెల్లగా. "అప్పటికి మా అమ్మమ్మ కూడా పుట్టలేదండీ."

చిట్టి కుర్చీ దగ్గరికి జరుపుకుని ఆమె పక్కన కూర్చుంది. ఆమె వెళ్ళిపొమ్మనలేదు.