పోటుతో తిరిగొచ్చిన పేరు

బౌదిలియో పొద్దున్నంతా ఇళ్ళ గోడలకు కొట్టే చెక్క పెంకులు చీలుస్తాడు. మధ్యాహ్నం చేతులు కడుక్కుని, చంకలో సగం పుస్తకం పెట్టుకుని, వాన తెరిపిచ్చినా ఇవ్వకపోయినా పక్కింటి ఒతీలియా వంటింటికి వెళ్తాడు. మాటలకు అర్థం ఎక్కణ్ణించి వస్తుందో చర్చించే ఆ పుస్తకాన్ని ఎప్పుడో ఒక బడిపంతులు దీవిలో వదిలిపోయాడు. ఒక తడి చలికాలంలో దాని రెండో సగంతో ఎవరో పొయ్యి రాజేసుకున్నారు. మిగిలిన సగంలో చివరి పేజీ ఒక ప్రశ్నతో ఆగిపోతుంది: పేరు తన మనిషిని ఎలా వెతుక్కుంటుంది? జవాబు పొగగొట్టంలోంచి పోయింది. దానికోసం బౌదిలియో తొమ్మిదేళ్ళుగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాడు.

"ఈవేళ ఏం తేల్చారు పండితుడు గారు?" అంది ఒతీలియా, మాతే ఆకు మీద వేణ్ణీళ్ళు పోసి గిన్నె అందిస్తూ.

"ఈ దుంపని గుర్రం అని పిలుద్దామని మనిద్దరం ఒప్పుకున్నాం అనుకోండి..."

"నేనొప్పుకోను. గుర్రాన్ని ఉడకేసుకు తింటానా?"

బౌదిలియో నవ్వి, మాతే పీల్చే గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. పొయ్యి పక్కన ఇంకో కుర్చీ ఉంది. దాంట్లో ఎవరూ కూర్చోరు. అది ఒతీలియా భర్తది. పదకొండేళ్ళ కిందట గొర్రెల బొచ్చు కత్తిరించే జట్టుతో దూరాన ఉన్న పటగోనియా వెళ్ళాడు. రెండు ఉత్తరాలొచ్చాయి, తర్వాత అయిపూ అజా లేదు.

ఆ దీవిలో చనిపోయినవాళ్ళ పేరు తిరిగొస్తుంది. ఆటు వేళ, దీవి చివర సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొనకొమ్మున నిలబడి నీళ్ళ వైపు పిలవాలి. మనిషి బతికుంటే పేరు అతన్ని చేరుతుంది, అంతటితో సరి. మనిషి లేకపోతే దానికి చేరే చోటుండదు కాబట్టి, సాయంత్రం పోటుతోపాటు వెనక్కి వచ్చి, పిలిచినవాళ్ళ గొంతుతోనే అతని ఇంటి గుమ్మంలో పలుకుతుంది. అందుకని దూరం వెళ్ళిన మగవాళ్ళ పేర్లు ఇంట్లో పలకరు. 'వెళ్ళినాయన' అంటారు. తేల్చుకోక తప్పని రోజున పొరుగువాళ్ళను పిలవమంటారు. భార్య మాత్రం పిలవకూడదు.

ఒతీలియా ఆప్రాన్ జేబులోంచి ఉత్తరం తీసింది. "పుయెర్తో మోంత్ పట్నం నుంచి మా అక్క రాసింది. వచ్చెయ్యమంటోంది. ఇల్లు మూసేసి వెళ్ళాక వెళ్ళినాయన వచ్చి తలుపు తడితే ఎవరు తీస్తారు? అలాగని ఇంకెన్నాళ్ళు కూర్చోను? బతికుంటే ఇక్కడే ఉంటా, లేడంటే వెళ్తా. మీరు పిలవండి, బౌదిలియో గారూ."

బౌదిలియో గిన్నె కింద పెట్టాడు.

"పిలిచాను. ఆరేళ్ళయింది."

"ఎవర్నడిగి?"

"ఎవర్నీ అడగలేదు. మీతో అనాల్సిన మాట ఒకటుంది. అనొచ్చో కూడదో తెలుసుకుందామని పిలిచాను. ఆ సాయంత్రం ఇక్కడే కూర్చుని పుస్తకం చదువుతున్నట్టు నటించాను. పేరు రాలేదు. బతికే ఉన్నాడు, మిమ్మల్ని వదిలేశాడు అనుకున్నాను. ఆ సంగతి మీకెలా చెప్పను? నోరు మూసుకున్నాను."

ఒతీలియా మొహం ఎర్రబడింది. "ఆరేళ్ళు నా పొయ్యి దగ్గర చలికాచుకుంటూ, నా దుంపరొట్టె తింటూ, ఇంతమాట కడుపులో దాచుకున్నారన్నమాట."

ఆమె పొయ్యిలో ఇంకో కట్టె పెట్టింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఆయన్ని మీరెప్పుడైనా చూశారా?"

"ఎక్కడ చూస్తాను? నేను లెముయ్ దీవి నుంచి ఇక్కడికొచ్చేసరికి ఆయన వెళ్ళి రెండేళ్ళు."

"మరి పిలిచినప్పుడు మీ మనసులో ఎవరున్నారు?"

బౌదిలియో అబద్ధం ఆడదామనుకున్నాడు గాని చేతకాలేదు. "ఈ కుర్చీ," అన్నాడు. "ఇది నాకు దక్కాలని."

"కుర్చీ చచ్చిపోదు కదండీ."

ఊళ్ళో ఇన్నేళ్ళుగా పేర్లు పిలిచినవాళ్ళంతా ఆ మనుషుల్ని ఎరిగినవాళ్ళే. ఎరగని మనిషిని పిలిస్తే ఏమవుతుందో ఎవరికీ తెలియలేదు. తొమ్మిదేళ్ళు పుస్తకం చదివిన తనకూ తట్టలేదు. గట్టిగా పలికితే చాలనుకున్నాడు.

"రేపు పుస్తకం తేకండి," అంది ఒతీలియా. "ఊరికే వచ్చి వినండి."

మూడు మధ్యాహ్నాలు ఆమె ఉన్ని వడుకుతూ చెప్పింది, అతను విన్నాడు. వెళ్ళినాయన ఎడమ చెవికి గాలం దిగిన నొక్కు ఉంది. బాతులంటే భయం. బొచ్చు కత్తిరించేటప్పుడు ప్రతి గొర్రెకీ క్షమాపణ చెప్పేవాడు, జట్టులోవాళ్ళు ఎంత ఎగతాళి చేసినా మానలేదు. ఒకసారి తాగొచ్చి, తలుపు కనబడక కోళ్ళగూట్లో పడుకుని, తెల్లారి గుడ్డు చేతబట్టుకుని మర్యాదగా లోపలికొచ్చాడు. నెలల బిడ్డ పోయినప్పుడు పెట్టె తనే చేశాడు. పెట్టె లోపల చెయ్యి పెట్టి, పేడు ఏదైనా గుచ్చుకుంటుందేమోనని రాత్రంతా తడిమి తడిమి చూశాడు.

మూడో రోజు ఇంటికెళ్తూ బౌదిలియో కోళ్ళగూడు తలుచుకుని దారిలో ఒక్కడే నవ్వాడు. మర్నాడు పొద్దున చీల్చిన చెక్కను అలవాటులేని విధంగా అరచేత్తో తడిమి చూశాడు, పేళ్ళున్నాయేమోనని.

ఆ రోజు ఆటు వేళ కొనకొమ్ముకి వెళ్ళాడు. నీళ్ళు దూరంగా జరిగిపోయి బురద మెరుస్తోంది. ఈసారి కుర్చీ గుర్తుకు రాలేదు. నొక్కుపడ్డ చెవి గుర్తొచ్చింది, పెట్టె లోపలి చెయ్యి గుర్తొచ్చింది. పిలిస్తే ఆ మనిషి ఎక్కడో గొర్రెల మధ్య తల తిప్పి చూస్తాడనిపించింది.

"రనుల్ఫో!"

పిలిచాక, రావద్దు, తిరిగి రావద్దు అని తనలో తను గొణుక్కున్నాడు. అలా కోరుకుంటే తనకేం మిగులుతుందో తెలిసే కోరుకున్నాడు.

సాయంత్రం ఇద్దరూ పొయ్యి దగ్గర కూర్చున్నారు. బయట వాన, కర్రల మీద కట్టిన ఇంటి కింద నీళ్ళు ఒక్కో మెట్టూ ఎక్కుతున్న చప్పుడు. ఒతీలియా కదురు తిప్పుతోంది. నీళ్ళు గుమ్మం కింది మెట్టు తాకాయి.

"రనుల్ఫో," అంది గుమ్మంలోంచి బౌదిలియో గొంతు. కొనకొమ్మున పిలిచినంత గట్టిగా లేదు. ఎంతో దూరం తిరిగి అలిసిపోయి వచ్చినట్టుంది.

కదురు ఆగిపోయింది. ఒతీలియా ఆప్రాన్ అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బౌదిలియో కూడా ఏడ్చాడు. ఆరేళ్ళ కిందట ఏ మాట వినపడితే బాగుణ్ణనుకున్నాడో ఆ మాటే తన గొంతుతో విని, చిన్ననాటి స్నేహితుడు పోయినట్టు ఏడ్చాడు.

"రనుల్ఫో," అంది మళ్ళీ గుమ్మం. తలుపు తీసేదాకా పేరు అక్కడే ఉంటుంది.

"మీరు తీయండి," అంది ఒతీలియా. "పాపం, వానలో నిలబడ్డాడు."

బౌదిలియో తలుపు తీసి, ఎవరో లోపలికి రావడానికి దారి ఇచ్చినట్టు పక్కకు జరిగాడు. చల్లగాలి అతని భుజానికి రాసుకుంటూ వెళ్ళింది. పొయ్యి పక్కన కుర్చీ కిర్రుమంది. ఆ తర్వాత పేరు మళ్ళీ పలకలేదు.

ఒతీలియా కళ్ళు తుడుచుకుని నీళ్ళు కాచింది. మొదటి మాతే గిన్నె కుర్చీ ముందు పెట్టింది. రెండోది బౌదిలియోకి ఇచ్చింది. అక్క ఉత్తరం ఆమె జేబులోంచి సగం బయటికొచ్చి ఉంది. దాన్ని తీసి నాలుగు మడతలు పెట్టి పొయ్యిలో వేసింది.

"లేడంటే వెళ్తానన్నారు," అన్నాడతను.

"అన్నాను. మీరేదో అనాల్సిన మాట ఉందన్నారుగా. అది విని చెప్తా."

"ఇప్పుడా? ఆయన ముందా?"

"ఆయన వినకుండా ఈ ఇంట్లో ఏ మాటా జరగదు."

బౌదిలియో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. లేచి నిలబడి, ముందు కుర్చీ వైపు తిరిగి, ఆ మాట అనడానికి ఆయన అనుమతి అడిగాడు.