నల్ల దారానికి చాలినంత వెలుతురు

పొద్దున పదింటికి అబిడ్స్‌లో స్టూడియో షటరెత్తడం హెర్బర్ట్ వంతు, కంప్యూటర్ మీది గుడ్డ తీసి దులపడం కూతురు జిప్పోరా వంతు. తర్వాత చాయ్. ఆ ఏడు, అంటే 2003లో, ఊళ్లో కంప్యూటర్లో ఫోటోలు దిద్దే ఫోటోషాప్ వచ్చినవాళ్లకు కొదవ లేదు. అయినా తనను మించినవాళ్లు లేరని జిప్పోరాకు గట్టి నమ్మకం.

చాయ్ సగంలో ఉండగా నాంపల్లి నుంచి జయమ్మ వచ్చింది. వకీళ్లకు నల్లకోట్లు కుట్టే మనిషి. చేతిలో తడిసి ముద్దయిన ఫోటో.

"ఇల్లు కురిసింది సారూ. మా ఆయన గిట్లయిండు," అని కళ్లొత్తుకుంది.

హెర్బర్ట్ కెమెరాకు పసుపు గాజు ఫిల్టర్ పెట్టి తీసిన ఫోటోలు చీకట్లో వెలుతురిస్తాయి. కరెంటు పోతే నాంపల్లిలో చాలామంది తాతల ఫోటోలు ముందు పెట్టుకుని అన్నాలు తింటారు. భర్త మొగులయ్య పోయిన ఆరేళ్లుగా జయమ్మ ఆయన ఫోటో వెలుతురులోనే కుడుతోంది. ట్యూబులైటు కింద నల్లగుడ్డ మీద నల్లదారం ఆమె కళ్లకు ఆనదు. ఆ ఫోటో లేకపోతే ఇక కుట్టుమెషిన్ ఎవరికో ఇచ్చేసి కాచిగూడలో తమ్ముడు శ్రీహరి పంచన చేరడమే. రేపే ఆటో తెస్తానన్నాడు తమ్ముడు.

"మళ్ల తీద్దామంటే మనిషి లేడు. నెగెటివ్‌కు బూజు పట్టింది. గాజు నిరుడే చెయ్యి జారి పగిలింది," అన్నాడు హెర్బర్ట్ తల దించుకుని.

జయమ్మ కొంగుముడి విప్పి మొగులయ్య బస్‌పాస్ ఫోటో తీసింది. అది ఇంకెక్కడో దిగిన ఫోటో, వెలుతురు చుక్కైనా లేదు.

"నేను చేస్త డాడీ!" జిప్పోరా ఎగిరి కుర్చీలో కూర్చుంది.

కిటికీ లేని పాత డార్క్‌రూమే ఇప్పుడు కంప్యూటర్ గది. బస్‌పాస్ ఫోటో స్కాన్ చేసి, దానిమీద పసుపు పొర పరిచింది.

"ఏంది బిడ్డా, మా ఆయనకు కామెర్లు తెప్పించినవ్?" అంది జయమ్మ.

పసుపు కింది ఫోటోలో కలిసిపోయేలా జిప్పోరా పొరను మల్టిప్లైలో పెట్టింది. అచ్చం గాజులోంచి చూసినట్టే వచ్చింది రంగు. ప్రింటు తీసి లైటార్పితే మాత్రం చిమ్మచీకటి. జిప్పోరాకు ఏడుపొక్కటే తక్కువ.

వెనకనుంచి హెర్బర్ట్ అన్నాడు: "గాజు జర వెలుతురు తింటది. తిన్నంత వాపస్ ఇయ్యాలె. నేనైతే వెలుతురు డబలయ్యేటట్టు లెన్సు ఒక స్టాపు ఎక్కువ తెరుస్తుంటి."

"గది ముందే చెప్పొద్దా డాడీ!"

"నన్ను కంప్యూటర్ దగ్గరికి రానిచ్చినవా?"

జిప్పోరా వెలుగునీడలు సర్దే లెవెల్స్ తెరిచి తెలుపు బాణాన్ని మెల్లగా లోపలికి జరిపింది. నుదురు తేలింది. మీసం తేలింది. పసుపు చెదరలేదు. ఇంకాస్త జరిపి, ప్రింటు కొట్టి, లైటార్పింది.

కాగితం సగం బయటికొచ్చేసరికి గోడమీద ముగ్గురి నీడలు పడ్డాయి.

"ఆగుండ్రి," అంటూ జయమ్మ జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీసింది. సూదికి చుట్టి ఉన్న నల్లదారం విప్పి, కొసను పళ్లతో కొరికి, మొగులయ్య ఫోటో ముందు పట్టుకుని, ఒక్క ఊపున ఎక్కించింది. ఎక్కించి పకపకా నవ్వింది. జిప్పోరా కుర్చీ మీదే గంతులేసింది. హెర్బర్ట్ కూతురి తల పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు.

ప్రింటు ఆరేదాకా జయమ్మ ఆగలేదు. కౌంటర్ మీది ఫోనందుకుని కాచిగూడకు కలిపింది.

"తమ్మీ, రేపు ఆటో తేకు... ఏం గాలేదు, మంచిగనే ఉన్న. నాకు పనున్నది."