మేక కాళ్ల మనిషి నడక

మేక కాళ్ల మనిషి మూడో అడుగు దగ్గర ఆగగానే కరుణశ్రీ చేతిలోని పళ్లెం కింద పెట్టేసింది.

"మానసా, జర ఎనక్కి తిప్పు."

కూతురు తిప్పింది. టీవీలో తెలుగు మాటలు అతికించిన ఇంగ్లిష్ సీరియల్. నెత్తిన కొమ్ములు, నడుం కింద మేక కాళ్లు ఉన్న అడవి మనిషి గాయపడిన రాణిని వీపున మోస్తున్నాడు. మూడు అడుగులు వేసి ఆగాడు. ఎడమ కాలు పక్కకు విసిరి మళ్లీ మూడు అడుగులు వేశాడు.

ఆర్మూర్ మార్కెట్ యార్డులో హమాలీలు పసుపు బస్తాలతో చెక్క బల్ల మీదుగా లారీ ఎక్కుతారు. బల్ల ఊగుతుంది కాబట్టి మూడో అడుగు దగ్గర ఆగుతారు. అక్కడే బస్తాలు మోసిన ఆమె భర్త దయానంద్‌కు ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంట్లో బియ్యం సంచి మోసినా ఆగేవాడు. మోకాలు దెబ్బతిన్నాక ఎడమ కాలు పక్కకు విసిరేవాడు. పని వెతుక్కుంటూ వెళ్లి రెండేళ్లయింది. ఆర్నెల్లకే ఫోన్ కలవడం మానేసింది.

"గది మీ నాయిన."

"గది కంప్యూటర్ల చేసిన బొమ్మనే అమ్మా."

"బొమ్మకు మోకాలు నొయ్యది బిడ్డా."

సీరియల్ చివర్లో పడే పేర్లన్నీ మానస వెతికింది. హైదరాబాద్ కంపెనీ ఒకటి తేలింది. రెండుసార్లు ఫోన్ పెట్టేశారు. మూడోసారి ఒకమ్మాయి అసలు సంగతి చెప్పింది. ముందు మనిషిని నడిపించి, ఆ నడకను బొమ్మకు ఎక్కిస్తారట. సోమవారం తల్లీకూతుళ్లు బస్సెక్కారు.

ఆ కంపెనీలో ఒక గది అద్దం అవతల, ఒంటినిండా తెల్ల చుక్కలున్న నల్ల బట్టల్లో ఒకతను అటు తిరిగి నడుస్తున్నాడు. మూడో అడుగు దగ్గర ఆగాడు. కరుణశ్రీ అద్దానికి చెయ్యి ఆనించింది.

అతను ఇటు తిరిగాడు. దయానంద్ కాదు.

జితేందర్ అనే నటుడు. ఆమె చూపిన భర్త ఫోటో చూసి కూర్చుండిపోయాడు. నిరుడు ఎండాకాలం ఒక గోదాము దగ్గర పది రోజులు ఈయన వెంటే బస్తాలు మోసి ఆ నడక నేర్చుకున్నానన్నాడు. పదకొండో రోజు వెళ్తే ఆయన లేడు. నాగ్‌పూర్ లారీ ఎక్కాడని తోటివాళ్లు చెప్పారట.

"మంచిగుండెనా?"

"ఉండె అక్కా. మోకాలు మంచిగైనంకనే ఇంటికి పోత అనేటోడు. గిట్ల కుంటుకుంట పోతే యార్డుల నవ్వుతరని."

మానస నాగ్‌పూర్ బస్సుల వేళలు వెతకసాగింది. కరుణశ్రీ మాత్రం ఒక్కటే అడిగింది.

"తమ్మీ, ఇంకొక్కసారి నడువు."

జితేందర్ నడిచాడు. ఆమె అతని ముఖం చూడలేదు. కాళ్లే చూసింది. మూడో అడుగు దగ్గర అవి ఆగాయి.

"ఎవ్వలు నవ్వరు," అంది మెల్లగా ఆ కాళ్లతో. "ఇంటికి రా."