సింహాద్రి ఎడమ చెంప

మనుషుల ముఖాలను ఆయిల్ రంగుల్లో వేయడం ఫ్లోరా వృత్తి. మధురవాడలోని ఫ్లాట్‌లో ముందు గదిని అందుకే ఉంచుకుంది. ఫొటో చూసి ఆమె బొమ్మ వేయదు. మనిషి ఎదురుగా కూర్చుని తన కళ్లలోకి చూడాలంటుంది. అప్పుడే రేపు ఆ బొమ్మ ముందు నిలబడ్డవాళ్లు చూపు తిప్పుకోలేరని ఆమె నమ్మకం.

సింహాద్రి మాత్రం పాత ఫొటో పట్టుకుని భార్యతో వచ్చాడు. ఒక ప్రైవేటు ఇనుప కార్ఖానాలో కొలిమి దగ్గర పనిచేసిన మనిషి. తొమ్మిదేళ్ల కిందట కరిగిన లోహం చింది ఎడమ చెంప కాలిపోయింది. అప్పటినుంచీ ఆ వైపు తువ్వాలు కప్పుకునే తిరుగుతున్నాడు. కూతురు నీలిమ తన కొత్త ఇంటి హాల్లో నాన్న బొమ్మ పెట్టుకుంటానని పట్టుబట్టింది.

“ఈ ఫొటోలో మొకమే ఎయ్యండి మేడం. ఇప్పటిది ఎవులికి కావాల?”

“ఫొటో చూసి వేయనండీ. మీరే కూర్చోవాలి.”

అతను ఫొటోని జేబులో పెట్టుకున్నాడు. “అయితే కుడిపక్కే కనపడాల. ఎడంపక్క ఎయ్యనని మాటివ్వండి.”

ఫ్లోరా మాటిచ్చింది. భార్య రామలక్ష్మమ్మ అంతసేపూ నేలచూపులే చూస్తూ నిలబడింది. ఆ ముఖం చూడలేకపోతోంది పాపం అనుకుంది ఫ్లోరా.

రెండు శనివారాలు అతను ఒక్కడే వచ్చి, కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఒంటి రంగు కుదిరింది, నెరిసిన మీసం కుదిరింది. బొమ్మలో మనిషి మాత్రం లేడు.

మూడో శనివారం కింద వీధిలో గ్యాస్ సిలిండర్ ధబ్బున పడింది. సింహాద్రి అదిరిపడి ఇటు తిరిగాడు. తువ్వాలు జారింది. భయంతో విప్పారిన అతని కళ్లు ఒక్క క్షణం ఆమె కళ్లలోకి చూశాయి.

“సూసీసారా?” తువ్వాలు లాక్కుంటూ అడిగాడు.

“లేదండీ.”

అతను వెళ్లాక ఫ్లోరా ఆగలేకపోయింది. కాన్వాస్ మీది రంగంతా గీకేసి, ఆ ఎదురు ముఖాన్నే మచ్చతో సహా వేసింది. నాలుగు రోజులు. తప్పని తెలుసు. ఫోన్ చేసి చెబుదామని రోజూ అనుకుంది, చేయలేదు.

గురువారం ఉదయం చెప్పకుండా భార్యాభర్తలిద్దరూ వచ్చారు. బొమ్మ మీద గుడ్డ కప్పే వ్యవధి లేకపోయింది.

సింహాద్రి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఒక అడుగు పక్కకి వేశాడు. బొమ్మలో కళ్లు అతన్నే చూస్తున్నాయి.

“మాటిచ్చారు కదా.”

“ఇచ్చాను. తప్పాను.”

“గీకీండి.”

ఫ్లోరా కదల్లేదు. అతనే బల్ల మీది రంగులు కలిపే కత్తి తీసుకున్నాడు. కత్తి అంచు పచ్చి రంగుకి ఆనింది. అడ్డుపడబోయి ఫ్లోరా ఆగింది. ఆ ముఖం అతనిది.

“ఆగు,” అంది రామలక్ష్మమ్మ.

ఆమె బొమ్మకి దగ్గరగా వచ్చి తేరిపార చూసింది. “ఇది తప్పు మేడం. మచ్చ సెవి కాడ ఆగదు. ఎనక్కెళ్లి మెడ మీదకి దిగుద్ది. ఇక్కడ వేలెడంత సోట తోలు నున్నగా మెరుత్తాది.”

సింహాద్రి తిరిగి చూశాడు. “నీకేటి తెలుసు? తొమ్మిదేళ్లు నా మొకం సూళ్లేదు నువ్వు.”

“సూడనిచ్చావేటి? నాను తలెత్తితే సాలు, తువ్వాలు లాక్కుంతావు. మజ్జాన్నం మందు బిళ్లేసుకుని తొంగుంతావు సూడు, అప్పుడు సూత్తాను. కొబ్బరి నూని రాత్తాను. రోజూ.”

సింహాద్రి కత్తిని బల్ల మీద పెట్టాడు.

“మీరు వద్దంటే ఇప్పుడే చెరిపేస్తాను,” అంది ఫ్లోరా.

“ఎంతసేపు కూకోవాల?”

“రెండు గంటలు.”

అతను తువ్వాలు తీసి కూర్చున్నాడు. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. ఫ్లోరా వైపు చూడలేకపోయాడు. ఆమె వెనక స్టూలు మీద కూర్చున్న భార్యని చూశాడు. నన్ను చూడండి అని ఫ్లోరా అనలేదు. వేసిన కళ్లు గీకేసి మళ్లీ మొదలుపెట్టింది.

నెల తర్వాత నీలిమ ఇంటికి తగరపువలస నుంచి చుట్టాలొచ్చారు. బొమ్మ ముందు నిలబడి, ఎవరూ తొందరగా కదల్లేదు. సింహాద్రి లోపలి గదిలోనే ఉండిపోయాడు. భోజనాల వేళ రామలక్ష్మమ్మ పిలిస్తే తువ్వాలు లేకుండానే బయటికొచ్చి, అందరి మధ్యా కూర్చుని తిన్నాడు.