ఎర్రచీర మొదటి నీళ్లు

బీమా ఏజెంటు నరహరికి కంపెనీ వాళ్లు ఓడ ప్రయాణం బహుమతిగా ఇచ్చిన రోజున, అతని అత్త రాజమణి పెరట్లో బకెట్టు ముందు కూర్చుని మనవరాలి గుడ్డలు పిండుతోంది. నల్లగొండలో కూతురింటికి ఆమె వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. శ్రీలత కాన్పుకు తోడుండి, బిడ్డకు నెల నిండగానే చండూరు వెళ్లిపోదామనుకుని రెండే చీరలు సంచిలో పెట్టుకుని వచ్చిన మనిషి. శ్రీలత ప్రైవేటు బడిలో పంతులమ్మ. సెలవు అయిపోయింది, బడికి పోక తప్పలేదు, పిల్లను ఎవరు చూడాలి? ఇంకెవరు, రాజమణే. అడిగిన వాళ్లు లేరు, కాదన్న వాళ్లూ లేరు.

"అమ్మా, నువ్వు గూడ వస్తున్నవ్. నీకు టికెట్ మేం తీస్తం," అంది శ్రీలత, చెప్పులు విప్పకముందే. "బొంబాయి కాడ ఓడ ఎక్కుతం. మూడు రోజులు. ఒక్క పని ముట్టొద్దు నువ్వు. ఊకె కూసొని సముద్రం జూడు."

సముద్రం మాట రాజమణి చెవికి ఎక్కలేదు. ఎక్కింది "ఊకె కూసొని" అన్న మాట. పదిహేనో ఏట సిద్దిరాములును పెళ్లాడి అత్తింటికి వచ్చింది మొదలు ఆమె చేతులు ఆరింది లేదు. నూలు తడపడం, రంగులో ముంచడం, గంజి పెట్టడం, మగ్గం మీంచి దిగిన కొత్త చీరను ఉప్పునీళ్లలో జాడించడం. ఇప్పుడీ పిల్ల గుడ్డలు. వేళ్ల సందులు పాసిపోయి, రాత్రిళ్లు కొబ్బరినూనె రాసుకుంటే గానీ మంట తగ్గదు. ఒక్క పూట, ఒకే ఒక్క పూట, పొడి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. ఆమె కోరుకున్నది అంతే. ఎదురుగా సముద్రం ఉన్నా సరే, గోడ ఉన్నా సరే.

ఆ సంగతి ఫోన్లో చెబితే సిద్దిరాములు నవ్వి, తను నేసిన ఎర్రచీర ఒకటి బస్సులో పంపించాడు. "అల్లునికి స్టేజి మీద సన్మానమంట గద. పాత చీరతోని నిలబడకు," అన్నాడు.

తీరా ఓడ ఎక్కితే గోడే దక్కింది. నరహరికి వచ్చిన గది ఓడ నడుమ ఎక్కడో ఉంది, కిటికీ లేదు. కిటికీ ఉండాల్సిన చోట సముద్రం బొమ్మ ఒకటి అద్దం కట్టి పెట్టారు. గదిలో రెండు మంచాలు, పిల్లకు ఒక ఊచల తొట్టి, మిగిలిన జాగాలో మనిషి అడ్డంగా తిరిగితే మోకాలు తగులుతుంది. స్నానాల గదిలో చేతులు కడుక్కునే గిన్నెలో రెండు చెంబుల నీళ్లు పడతాయో పడవో.

మనవరాలు స్నిగ్ధకు డైపర్ పడదు. గంట వేసినా తొడలు ఎర్రగా ఒరుసుకుపోతాయి. అందుకని రాజమణి చండూరు నుంచి తన పాత నూలు చీరలు తెప్పించి, చింపి ముప్పై గుడ్డలు చేసి వెంట తెచ్చింది. పిల్ల ఓడ ఎక్కిన సంబరంలో పొద్దుటి నుంచి పొద్దుగూకే లోపల పన్నెండు తడిపింది. నరహరి, శ్రీలత పై అంతస్తులో తిండిశాల చూడ్డానికి పోయారు, ఫోటోలు దిగడానికి పోయారు, మేజిక్ చూడ్డానికి పోయారు. రాజమణి ఆ గిన్నె మీదికి వంగి ఉతికింది. నీళ్లు పోయడానికి లేదు, కొట్టడానికి బండ లేదు. చేత్తో నలిపి నలిపి నడుము పట్టేసింది. ఆరేయడానికి జల్లు గొట్టం పైన ఒక సన్నతాడు ఉంది, దాని మీద మూడు గుడ్డలు పడతాయి. మిగతావి కుర్చీ వీపు మీద, దీపం మీద, టీవీ మీద పరిచింది. ఏసీ గదిలో ఆరవు గదా, తెల్లారేసరికి గదంతా ముక్కిన వాసన.

రెండో రోజు పొద్దున్నే ఆ తడిగుడ్డలు ఒళ్లో పోసుకుని లిఫ్టు ఎక్కింది. పైన ఎండ ఫెళ్లున కాస్తోంది, గాలి మనిషిని తోసేస్తోంది. ఇంత ఎండను ఎవరూ వాడుకోకపోవడం ఆమెకు నచ్చలేదు. వరసగా వేసి ఉన్న పొడుగు కుర్చీల మీద గుడ్డలు పరిచి, ఎగరకుండా ఒక్కోదాన్నీ కుర్చీ కోడుకు ముడేసింది. సగం ఆరాయో లేదో, తెల్లబట్టల ఓడ మనిషి వచ్చి చేతులు జోడించి, "మాజీ, ఇక్కడ ఆరేయకూడదు," అని హిందీలో చెప్పాడు. ఎంతో మర్యాదగా చెప్పాడు. తానే ముడులు విప్పబోయి ఒక గుడ్డను సముద్రానికి వదిలేశాడు కూడా. పక్కన నరహరి తోటి ఏజెంట్లు నలుగురు చాయ్ తాగుతూ చూస్తున్నారు. ఒకతను నవ్వాడు.

గదికి వచ్చాక నరహరి భార్యతో, "మా వాళ్లంత ఆడ్నే ఉన్నరు. అత్తమ్మకు జర చెప్పు," అన్నాడు. గొంతు తగ్గించే అన్నాడు. కానీ ఆ గదిలో గొంతు తగ్గిస్తే వినబడకుండా ఉంటుందా? రాజమణి గుడ్డలు మడత పెట్టుకుంది. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి.

ఆ పూట స్నిగ్ధ ఆమె భుజం మీద పాలు కక్కింది. కట్టుకున్నది సిద్దిరాములు పంపిన ఎర్రచీరే. భోజనాల దగ్గర నరహరి కూడా తెల్లచొక్కా మీద కూర ఒలకబోసుకున్నాడు. ఆ చొక్కా మామూలుది కాదు. మరునాడు సాయంత్రం సన్మానం. అందరూ తెల్లచొక్కా మీద కంపెనీ టై కట్టుకుని రావాలని ముందే చెప్పారు. నరహరి తెచ్చుకున్న తెల్లది అదొక్కటే.

"ఇటియ్యి, ఉతుకుత," అని రాజమణి చెయ్యి చాపింది. అలవాటు.

అప్పుడే గది ఊడ్చే మనిషి ఒక కాగితం సంచి తెచ్చి మంచం మీద పెట్టాడు. ఇందులో ఎన్ని బట్టలు పడితే అన్ని, అన్నింటికీ కలిపి ఒకటే రేటు. కింద మిషన్లలో వేడినీళ్లతో ఉతికి, రేపు నాలుగింటికి ఇస్తామన్నాడు. శ్రీలత మొహం వెలిగిపోయింది.

"అమ్మా, ఇగ నువ్వేం ఉతకకు. అన్ని దీంట్ల ఏస్త."

రాజమణికి నమ్మబుద్ధి కాలేదు. తన ఇంటి బట్ట పరాయి మనిషి ఉతకడం ఆమె ఎరగదు. అంతకంటే పెద్ద భయం ఇంకోటి. వెయ్యిమంది బట్టలు ఒక్కచోట పడితే మనవి మనకు వస్తాయా? ఆమె తన సంచి విప్పి సైకిలు ట్యూబు రబ్బరు పేలికల కట్ట తీసింది. చిటికి కట్టే ఇళ్లలో ఈ పేలికలు లేని సంచి ఉండదు. నూలుకు రంగు ఎక్కకూడని చోట వీటితో బిగించి కడతారు, ముంచి తీశాక విప్పితే అక్కడ తెల్లగా నిలుస్తుంది. చింతపండు పొట్లానికీ అదే పేలిక, పిల్ల జడకూ అదే. రాజమణి ప్రతి బట్ట కొసకూ ఒక పేలిక చుట్టి కట్టింది, గుర్తుండాలని. ఆమె వేళ్లకు వదులుగా కట్టడం రాదు.

కట్టినవి కట్టినట్టు శ్రీలత సంచిలో కూరుతూ పోయింది. పిల్ల గుడ్డలు, తన చుడీదార్లు, నరహరి తెల్లచొక్కా. చివర ఇంకా కాస్త చోటు మిగిలింది. మిగిలిన చోటును ఊరికే పోనిచ్చే పిల్ల కాదు శ్రీలత. పాలు కక్కిన ఎర్రచీరను ఉండచుట్టి దాని మీద కుక్కింది.

రాజమణి చూసింది.

కొత్త చీర. ఇంకా మొదటి నీళ్లు పడలేదు. మొదటి నీళ్లకు ఎరుపు ఎంతో కొంత వదలక మానదు, అందుకే దాన్ని విడిగా చన్నీళ్లలో, ఉప్పువేసి జాడిస్తారు. వేడినీళ్లలో తెల్లదాంతో కలిపి వేస్తే ఏమవుతుందో చండూరు నేతవాడలో పదేళ్ల పిల్లనడిగినా చెబుతుంది. "దాన్ని తీయి బిడ్డా," అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నాలిక మీద దాకా వచ్చింది. తీస్తే ఎవరు ఉతకాలి? ఆ గిన్నె మీదికి మళ్లీ ఎవరు వంగాలి?

ఆమె నోరు మెదపలేదు. శ్రీలత సంచి మూతి మడిచి బయట పెట్టింది.

ఆ మధ్యాహ్నం పిల్లను తల్లిదగ్గర వదిలి రాజమణి పైకి పోయింది. నీడలో ఉన్న పొడుగు కుర్చీలో కూర్చుంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. పొడిగా ఉన్నాయి. ఎదురుగా సముద్రం ఉంది. సరే, చూద్దాం అనుకుంది. అనుకున్నది అనుకున్నట్టే కళ్లు మూతలు పడ్డాయి. మళ్లీ తెరిచేసరికి సూర్యుడు లేడు, నీళ్లు నల్లగా ఉన్నాయి, మెడ పట్టేసింది.

"సముద్రం ఎట్లుందమ్మా?" అంది శ్రీలత.

"మంచిగుంది," అంది రాజమణి.

మూడో రోజు నాలుగింటికి బట్టలు వచ్చాయి. చక్కగా ఇస్త్రీ చేసి, కాగితంలో చుట్టి ఇచ్చారు. శ్రీలత పైకాగితం విప్పి కదలకుండా నిలబడిపోయింది. పిల్ల గుడ్డలన్నీ గులాబీ రంగు. చుడీదార్ల మీద గులాబీ మరకలు. నరహరి చొక్కా మరకలు లేకుండా, కాలరు నుంచి కిందిదాకా ఒకే తీరున గులాబీ రంగులోకి తిరిగింది.

నరహరి చొక్కా అందుకుని తిప్పి చూశాడు. కింది కొసకు రబ్బరు పేలిక ఇంకా బిగిసే ఉంది. గోళ్లతో పీకి విప్పాడు. అక్కడ బొటనవేలంత వెడల్పున తెల్లటి పట్టీ, అంచులు కత్తితో కోసినట్టు. కట్టు పక్కాగా పడింది, చుక్క లోపలికి పోలేదు. ఆ సమయంలోనూ రాజమణి కన్ను ముందు దాన్నే పట్టుకుంది, తన మీద తనకే కోపం వచ్చింది.

"గిదేం తెలుపు, గిదేం ఎరుపు," అని నరహరి చొక్కా ఒళ్లో వేసుకుని మంచం మీద కూలబడ్డాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. ఏడాదంతా కేతేపల్లి నుంచి పానగల్ దాకా బండి మీద తిరిగి, ఇంటింటా నీళ్లు తాగి చేసిన పాలసీలు అవన్నీ. ఆ పావుగంట స్టేజి కోసమే ఇంత దూరం వచ్చాడని రాజమణికి తెలుసు.

శ్రీలత రెండు గదులకు పోయి అడిగింది. ఎవరి తెల్లచొక్కా వాళ్ల ఒంటి మీదే ఉంది. తిరిగొచ్చి తల్లి పక్కన కూర్చుంది.

"అమ్మా, రంగుల పని నీకు ఎర్కనే గద. ఏమన్న చేసి తీయి. వంటోళ్లను అడిగి ఏం గావాల్నో తెస్త."

పూర్తిగా పోదు. కానీ వేడినీళ్లలో నానబెట్టి, సబ్బుతో నలిపి, మళ్లీ నానబెట్టి, మళ్లీ నలిపితే సగం దించొచ్చు. గంటన్నర పని. రాజమణి మోకాలి మీద చెయ్యి ఆన్చి లేవబోయింది. నడుము ఒప్పుకోలేదు. ఒప్పుకోనిది నడుము ఒక్కటే కాదు.

"సగం పోతది," అంది. "నేను చెయ్య."

"ఏంది?"

"నేను చెయ్యలేను బిడ్డా. నిన్న నువ్వు ఎర్రచీర ఏస్తుంటే చూసిన. రంగు పోతదని నాకు ఎర్కనే. చెప్తే మళ్ల నేనే ఉతకాలె. అందుకే చెప్పలే."

శ్రీలత కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూసినవా?" అంది. "చూసి గూడ ఊకున్నవా?"

"అలిసిపోయిన," అంది రాజమణి. "శానా రోజులైంది అలిసిపోయి. ఎట్ల చెప్పాల్నో తెలువలే. చెప్పనీకి నాకు టైమే దొరకలే."

అల్లుడి ముందు ఇంత మాట ఆమె ఎన్నడూ అనలేదు. నరహరి తలెత్తి చూశాడు. ఆమె మొహం కాదు, ఒళ్లో ఉన్న చేతులు. పాసిన వేళ్లు, చిట్లిన గోళ్ల మొదళ్లు. ఎనిమిది నెలలుగా తన ఇంట్లో అన్నం వడ్డిస్తున్న చేతులే అవి, కొత్తవేమీ కావు. అతను లేచి గులాబీ చొక్కా తొడుక్కుని, తెల్లపట్టీ ఉన్న కొసను ప్యాంటులోకి దోపుకున్నాడు.

"అడిగితే ఏమంటవ్?" అంది శ్రీలత.

"రంగు పోయిందంట," అన్నాడు.

టై కట్టుకుంటుండగా స్నిగ్ధ తొట్టిలో కదిలి ఏడ్చింది. గుడ్డ తడిపింది, తడపడమే కాదు. రాజమణి కాళ్లు ఆమెను అడగకుండానే నేల మీద ఆనాయి. శ్రీలత అప్పటికి పట్టుచీర కట్టుకుని, పూలు కూడా పెట్టుకుని ఉంది.

"కూసో," అంది. కోపంగానే అంది. ఇంకా కోపం పోలేదు, పోవాల్సిన పని కూడా లేదు. పిల్లను తుడిచి, గులాబీ గుడ్డ ఒకటి మార్చి, ఆ ఖరాబైన గుడ్డను రెండు వేళ్లతో పట్టుకుని, కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని స్నానాల గదిలోకి పోయింది. నరహరి టైము చూసుకున్నాడు గానీ తొందరపెట్టలేదు. పిల్లను ఎత్తుకుని నిలబడ్డాడు.

లోపల నల్లా తిప్పిన చప్పుడు. సబ్బు జారి పడ్డ చప్పుడు. శ్రీలత తనలో తాను ఏదో గొణుక్కోవడం. నలపడం రావట్లేదు, పైపైన తిప్పుతోందని రాజమణికి చెవులతోనే తెలుస్తోంది. కాసేపటికి శ్రీలత చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికి వచ్చి, "ఆరేసిన," అంది. తల్లివైపు చూడకుండా పిల్లను అందుకుంది. ముగ్గురూ వెళ్లిపోయారు, తలుపు దానంతటదే మూసుకుంది.

లోపల గుడ్డలోంచి నీళ్లు కారుతున్నాయి. టప్, టప్ మని. సరిగ్గా పిండలేదు. లేచి రెండడుగులు వేసి, ఒక్క మెలి తిప్పితే ఆగిపోతాయి.

రాజమణి పొడి చేతులు ఒళ్లో పెట్టుకుని, గోడ మీది సముద్రం ఎదురుగా కూర్చుంది. నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఆమె లేవలేదు.