ఆగయ్య ముడి

అల్యూమినియం పడవ వెనక పలక ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆగయ్య అరచేత్తో పలకను తడుముతున్నాడు. రివెట్ల వరస ఎక్కడ ఆగిందో కళ్లకన్నా వేళ్లే అతనికి బాగా చెబుతాయి. పడవ నడిచేటప్పుడు రివెట్ల వెనక బుడగలు లేస్తాయి, ఇంజను ఫ్యాను దగ్గర నీళ్లు కలతపడతాయి. ఆ రెండూ లేని చోటు చూసి పెన్సిలుతో గీత పెట్టాడు.

చేపల జాడ చెప్పే యంత్రాలు వచ్చాక సముద్రం వైపు పోయే హజీరా దారిలోని ఈ షెడ్డుకు పని పెరిగింది. యంత్రం తెర పడవ లోపల ఉంటుంది. అరచేతిలో పట్టే నల్ల ముక్కను మాత్రం వెనక పలకకు, నీళ్లలో మునిగేలా బిగించాలి. అది నీళ్లలోకి చప్పుడు పంపి, తిరిగొచ్చే చప్పుడును వింటుంది. షెడ్డులో అందరూ దాన్ని ‘ఆంఖ్’ అంటారు. వినేదాన్ని పట్టుకుని కన్ను అనడమేమిటో! మరమగ్గాల మోతలో సగం చెవుడు తెచ్చుకున్న ఆగయ్యకు ఆ పేరు వింటే నవ్వొచ్చేది.

బక్క మనిషి, యాభై దాటాయి. సిరిసిల్ల నుంచి మగ్గాల పనికి వచ్చి, ఉన్ అనే పేటలో ఒక గదిలో కాపురం. మగ్గాల దుమ్ము ఛాతీలో చేరి దగ్గు పట్టుకుంటే, ఆ పని మానకపోతే బతకవన్నాడు డాక్టరు. మానేసిన రోజు అక్కడి నుంచి తెచ్చుకున్నది ఒక్కటే, ఎర్ర నైలాను దారం చుట్టిన కండె.

ఆ దారంతో అతనికొక పద్ధతి ఉంది. నల్ల ముక్క నుంచి పైకి పోయే కేబులును ముందు దారంతో అక్కడక్కడా కట్టి చూసుకుంటాడు, మగ్గం మీద తెగిన పోగును అతికే ముడితో. ఎక్కడా వేలాడ్డం లేదని తేలాక క్లిప్పులు పెట్టి స్క్రూలు బిగిస్తాడు. అప్పుడు దారం కోసేస్తాడు. దారం చూసుకోవడానికే, మోసేది క్లిప్పు. షెడ్డులో దానికి ఆగయ్య ముడి అని పేరు పడిపోయింది. ఆ ముడి వేయగలిగినవాడు ఇంకొక్కడే ఉన్నాడు, రాజమౌళి.

రాజమౌళి అతని భార్య భాగీరథికి తమ్ముడు. ఇక్కడ ప్లేగు వచ్చిపోయిన మరుసటేడు ఆగయ్యే వాణ్ని షెడ్డుకు తెచ్చాడు, చేయి పట్టి పని నేర్పాడు. ఆగయ్యకు పిల్లల్లేరు. రాజమౌళి చిన్న కొడుకు నడక నేర్చిందీ, అన్నం తిన్నదీ ఆగయ్య ఇంట్లోనే.

టీ వేళకు సేటు వచ్చాడు. చేతిలో నలిగి చీలిపోయిన కేబులు ముక్క. దాన్ని బల్ల మీద పడేశాడు. పోయిన నెల ఒక శనివారం పని ముగించి పంపిన పడవది. ఖాడీలో, సముద్రపు పాయ నడిమధ్యన కేబులు ఊడి ఫ్యానుకు చుట్టుకుంది, లాగబోయిన పడవవాడి రెండు వేళ్లు పోయాయి. క్లిప్పు ఒక్కటీ లేదు. ఎర్ర దారం ముడి మాత్రం ఉంది.

“యే గాంఠ్ కిస్‌కీ హై?” అని, ఆ ముడి ఎవరిదో చెప్పమన్నాడు సేటు. ఈ పని చేసినవాడు షెడ్డులో ఉండటానికి వీల్లేదని పడవవాళ్లు తెగేసి చెప్పారట.

ముడి తనదిలాగే ఉంది గానీ ఆగయ్యకు భయం వేయలేదు. ఆ శనివారం అతను షెడ్డులో లేనే లేడు. రాజమౌళి చిన్న కొడుకుకు ఒళ్లు కాలిపోతుంటే, వాణ్ని భుజాన వేసుకుని సర్కారు దవాఖానలో కూర్చున్నాడు. “నేను మల్ల నాగా పెడితె సేటు తిడ్తడు బావా. నువ్వు పోరణ్ని తీస్కపో. అడిగితె నువ్వు ఈడనే ఉన్నవని చెప్త” అని పంపింది రాజమౌళే.

“నేను ఆ రోజు లేను సేట్,” అన్నాడు ఆగయ్య తనకొచ్చిన హిందీలో.

“ఉన్నావని ఆ సాయంత్రమే రాజమౌళి చెప్పాడే!” సేటు అటు తిరిగాడు. “బోల్, యే థా యా నహీఁ?” అని, ఉన్నాడో లేడో చెప్పమన్నాడు.

రాజమౌళి గ్రీజు గుడ్డతో వేళ్లు తుడుచుకుంటున్నాడు. తుడిచిన వేలినే మళ్లీ తుడిచాడు. ఆగయ్య వాడి నోటివైపే చూశాడు, చెవులతో పట్టలేనిది పెదాల మీదైనా చదవాలని.

“థా, ఉన్నడు సేట్,” అన్నాడు రాజమౌళి హిందీలోనే. “బావనే కట్టిండు.”

ఎంత తేలిగ్గా అనేశాడు! ఆగయ్యకు కోపం కన్నా ముందు సిగ్గేసింది, ఇన్నేళ్లూ వీణ్నా కడుపులో పెట్టుకుని సాకింది అని. ఏదో అనబోయాడు, దగ్గు తెర అడ్డం వచ్చింది. దగ్గు తగ్గేసరికి సేటు తీర్పు చెప్పేశాడు. ఈ పడవ ముగించి వెళ్లిపో, రేపు రావద్దు.

సొంత బామ్మర్దే సాక్ష్యం చెప్పాక తన మాట ఎవరు నమ్ముతారనుకుని ఆగయ్య పనిలోకి వంగాడు. రంధ్రాలు వేశాడు, వాటిలో సిలికాను నింపాడు, స్క్రూలు బిగించాడు. నల్ల ముక్క పడవ అడుగు కన్నా రవ్వంత కిందికి దిగిందో లేదో వేలితో చూసుకున్నాడు. కేబులును దారంతో కట్టాడు, క్లిప్పులు బిగించాడు, దారం కోశాడు.

రాజమౌళి పక్కకొచ్చి కూర్చున్నాడు. “బావా, ముగ్గురు పిల్లలోణ్ని. నేనేడికి పోవాలె?”

“నాకు పిల్లలు లేరనే గద నన్ను పొమ్మన్నవు.”

“గట్ల గాదు బావా...”

“మరెట్ల? మల్ల మగ్గం కాడికి పోతె నేనెన్నొద్దులు బత్కుత? నీకెర్క లేదా?”

ఆగయ్య లేచి చేతులు కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

“ఆ దినం నీ పోరడు నా భుజం మీదనే ఉండె. నువ్వు మర్చినా, వాడన్న యాది పెట్టుకుంటడేమో.”

టిఫిను డబ్బా పట్టుకుని రోడ్డు వైపు నడిచాడు. వెనక నుంచి “బావా!” అన్న పిలుపు వినబడింది. అతను ఆగలేదు. కంపెనీ బస్సు ఒకటి దుమ్ము లేపుతూ పోయింది. దుమ్ము అణిగేసరికి అతను రోడ్డు మలుపు దాటిపోయాడు.

షెడ్డులో బల్ల మీద, చీలిన కేబులు పక్కన, ఎర్ర దారం కండె ఉండిపోయింది. కోసిన కొస ఒకటి బల్ల అంచు నుంచి కిందికి వేలాడుతోంది.