రొక్కం అక్క సంతకం

బజారులో అందరూ ఆమెను రొక్కం అక్క అంటారు. ఆ పేరంటే ఆమెకు మహా గర్వం. కుట్టుమిషను కొన్నా, కత్తెర కొన్నా, ఇంట్లోకి ఫ్రిజ్ కొన్నా డబ్బంతా ఒక్కసారే కౌంటరు మీద పెట్టి, రసీదైనా అడక్కుండా తల ఎగరేసుకుంటూ వచ్చేసే మనిషి. "వాయిదాల్లో కట్టండమ్మా, వడ్డీ లేదు" అని ఎవడైనా అన్నాడా, వాడేదో బూతు కూసినట్టు చూసేది.

ఆమె తోడికోడలు అదే మేడలో కింది వాటాలో ఉంటుంది. కేకులు చేసి దుకాణాలకు వేస్తుంది. ఆవిడకు రొక్కం అక్క పెట్టిన పేరు వాయిదాల రాణి. ఆవిడ మొట్టమొదట తెచ్చింది ఇస్త్రీపెట్టె. ఇస్త్రీపెట్టెకు వాయిదాలేమిటి, చోద్యం కాకపోతే! ఆ తర్వాత మిక్సీ, ఆ తర్వాత ఓవెను, నిరుడు ఏకంగా వ్యాను. "చూస్తూ ఉండండి, ఏదో ఒకరోజు బ్యాంకువాళ్ళు వచ్చి సామానంతా ఎత్తుకుపోతారు" అని రొక్కం అక్క చెప్పని ఇల్లు లేదు. ఎవరూ రాలేదు, ఏదీ ఎత్తుకుపోలేదు. అసలు కడుపుమంటంతా అక్కడే.

అలా ఉండగా ఆమె దర్జీ కొట్టు గది యజమాని ఒకరోజు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"గది అమ్మేస్తున్నానమ్మా. పక్కన చెప్పుల కొట్టతను అడుగుతున్నాడు. కానీ ఇన్నేళ్ళున్నావు, నీకే మొదటి మాట. నెలాఖరు దాకా చూస్తాను."

ఆమె కత్తెర పక్కన పెట్టి గది చుట్టూ చూసింది. ఆ గదికి పెద్ద కిటికీ ఉంది. దాని వెలుగులో కళ్ళద్దాలు లేకుండానే సూదిలోకి దారం ఎక్కిస్తుంది. గది పోతే ఆ కిటికీ పోతుంది, బస్సు దిగి చొక్కా పట్టుకుని వచ్చే జనమూ పోతారు. దాచుకున్నది చూసుకుంటే సగానికే సరిపోయింది. మిగతా సగానికి బ్యాంకుకు వెళ్ళింది. జన్మలో మొదటిసారి.

లోన్ల ఆఫీసరమ్మ కంప్యూటర్లో ఏవేవో నొక్కి చూసింది.

"మీ పేరు మీద ఏమీ లేదండి."

"ఎలా ఉంటుంది? నేనెవరికీ పైసా బాకీ లేను."

"చిక్కంతా అదేనండి. తీసుకున్నారు, గడువుకు కట్టారు అని ఎక్కడో ఒకచోట ఉండాలి. చిన్నదైనా సరే. అప్పుడే మీరు కట్టే మనిషని మాకు తెలుస్తుంది."

"అంటే ఒకరి ముందు చెయ్యి చాచనిదానికి విలువ లేదా?"

"విలువుందండి. రికార్డే లేదు." ఆఫీసరమ్మ చిరునామా చూసి నవ్వింది. "మీ మేడలోనేగా కేకులావిడ? ఆవిడైతే ఇంతవరకూ ఒక్క గడువు కూడా తప్పలేదు. ఆవిడకి ఎంతడిగినా ఇస్తాం."

పుండు మీద కారం చల్లినట్టయింది రొక్కం అక్కకు. దానికిస్తారట, తనకివ్వరట. ఆ కుళ్ళు పట్టలేక ఆ వారమంతా బజారులో ఉన్న ప్రతి బ్యాంకు గుమ్మమూ తొక్కింది. ఫోనులో అప్పులిచ్చేవాళ్ళను కూడా వదల్లేదు. అందరూ పొమ్మన్నారు. తిరిగి తిరిగి మొదటి ఆఫీసరమ్మ దగ్గరికే వస్తే, ఆవిడ తల పట్టుకుంది.

"ఇలా వరసపెట్టి అందరినీ అడక్కూడదండి. అడిగినప్పుడల్లా మీ పేరు మీద నమోదవుతుంది. ఇంతమందిని అడిగారంటే ఏదో ఇబ్బందిలో ఉన్నారనుకుంటారు. ఇప్పుడిక ఒకటే దారి. మంచి రికార్డున్నవాళ్ళు ఎవరైనా మీతో కలిసి సంతకం పెట్టాలి."

మొగుణ్ణి అడుగుదామా అంటే, ఆయన కరెంటు బిల్లు కూడా తీగ కత్తిరించడానికి వచ్చాక కట్టే రకం. మిగిలింది కింది వాటా.

ఆ మెట్లు దిగడానికి ఆమె ప్రాణం చచ్చిపోయింది. ఎందుకంటే, కొన్నేళ్ళ కిందట అదే తోడికోడలు ఓవెను కోసం హామీ సంతకం పెట్టమని తనను అడిగింది. అత్తగారి ముందే తను ముఖం మీద కొట్టినట్టు చెప్పింది. "నా పేరు అప్పు కాగితం మీద పడదు. స్తోమతుంటే కొనుక్కో, లేదంటే నోరు మూసుకుని కూర్చో." ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. ఇవాళ అంతకు పదింతలు దెప్పిపొడుస్తుంది. పొడవనీ, తనకు కిటికీ కావాలి.

తోడికోడలు మోచేతుల దాకా పిండితో ఉంది. సంగతంతా విని, "పద అక్కా, చేతులు కడుక్కుని వస్తా" అంది. అంతే. ఆ ఒక్క మాటే.

దార్లో తోడికోడలే ఆ పాత మాట ఎత్తింది. "అప్పుడు నువ్వు కాదన్నావు కాబట్టే ఇస్త్రీపెట్టెతో మొదలెట్టా అక్కా. ముందు చిన్నది తీసుకుని, గడువు రాకముందే కట్టేస్తూ ఉంటే పెద్దది వాళ్ళే పిలిచి ఇస్తారని ఆ దుకాణమతను చెప్పాడు."

"దెప్పుతున్నావా?"

"దెప్పడమెందుకు? జరిగింది చెప్తున్నా."

రొక్కం అక్క పళ్ళు కొరుక్కుంది. ఒక్క మాట దెప్పినా తనూ నాలుగు అనేసి ప్రాణం తేలిక చేసుకునేది. ఆ అదృష్టం కూడా లేదు. బ్యాంకులో తోడికోడలు చకచకా సంతకం పెట్టేసింది. ఆఫీసరమ్మ ఇద్దరికీ ఒకటే మాట చెప్పింది. "ప్రతినెలా ఐదో తారీకు. ఒక్కరోజు దాటినా ఇద్దరి పేరూ పాడవుతుంది."

గది ఆమెదయింది. పేరు మాత్రం తోడికోడలికొచ్చింది. ప్యాంటు పొడవు తగ్గించడానికి వచ్చినవాడు కూడా, "మీ చెల్లెలే ఇప్పించిందటగా" అనేవాడు. అన్నం దగ్గర మొగుడు, "ఆ అమ్మాయి లేకపోతే మన గతేమిటి" అన్నాడు. ఆ పూట ఆయనకు కూర రెండోసారి వడ్డించలేదు.

మొదటి ఐదో తారీకు వచ్చింది. కట్టవలసిన డబ్బు పొద్దుటినుంచీ గుండీల డబ్బాలో సిద్ధంగా ఉంది. బ్యాంకు కౌంటరు నాలుగింటికి మూసేస్తారు. మూడయింది. రొక్కం అక్క మిషను తొక్కుతూనే ఉంది.

వచ్చే వారం తోడికోడలు సొంత బేకరీ కోసం పెద్ద లోనుకు వెళ్తోంది. ఆ సంగతి ఈమెకు తెలుసు. ఒక్కరోజు. ఒకే ఒక్కరోజు ఆలస్యం చేస్తే చాలు. తన పేరంటావా, మొన్న పుట్టిన పేరు, గీత పడితే పడింది. దాని పేరు మాత్రం ఇత్తడి చెంబులా తళతళలాడుతోంది. దాని మీద ఒక్క మచ్చ పడితే కళ్ళు చల్లబడతాయి. ఒంట్లో బాగాలేదంటే సరి, ఎవరడుగుతారు?

మూడున్నరకు తోడికోడలే వచ్చింది. చేతిలో కుట్టు విడిపోయిన ఏప్రన్. స్టూలు మీద కూర్చుని కిటికీలోంచి బస్సులను చూసింది. గోడ గడియారం వైపు మాత్రం చూడలేదు. రొక్కం అక్కకు ఒళ్ళు మండింది.

"అడగవేం?"

"ఏమడగాలి?"

"ఐదో తారీకు కదా, కట్టానో లేదో అని."

తోడికోడలు నవ్వింది. "నిన్నడగడమేంటక్కా. నా పెళ్ళయిన కొత్తలో బస్సు చిల్లర లేదని నా దగ్గర తీసుకున్నావు. నేను మర్చేపోయాను. ఆ సాయంత్రమే వానలో తడుచుకుంటూ వచ్చి చేతిలో పెట్టి వెళ్ళావు. బ్యాంకువాళ్ళకేం తెలుసు, నాకు తెలుసుగా. లేకపోతే చదవకుండా సంతకం పెడతానా?"

మిషను ఆగిపోయింది. జీవితమంతా గడువు తప్పని మనిషి తను. ఆ సంగతి ఏ బ్యాంకులోనూ లేదు, మొగుడికీ గుర్తులేదు. గుర్తుపెట్టుకున్నది ఇది. లోకంలో ఇంకెవరూ దొరకనట్టు, ఇదే. ఆమెకు ఏడుపొచ్చింది, దాని వెనకే మళ్ళీ కుళ్ళు తన్నుకొచ్చింది. నమ్మడంలో కూడా ఇదే ముందుండాలా?

గుండీల డబ్బా మూత తీసి, డబ్బు గుప్పిట పట్టుకుని లేచింది.

"కొట్టు చూస్తూ ఉండు. ఎవరైనా వస్తే కూర్చోమను" అని చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బ్యాంకు వైపు పరుగెత్తింది.